సీయూఈటీ: ఫారం దగ్గరే సగం పరీక్ష

సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు పెట్టే ఉమ్మడి ఎంట్రన్స్ సీయూఈటీ యూజీ. 2025లో దాని దరఖాస్తులు మార్చి 1న మొదలయ్యాయి. 22తో ముగియాల్సిన గడువును 24 దాకా పొడిగించారు. ఇటు తెలంగాణలోనూ అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంటర్ పబ్లిక్ పరీక్షలు జరిగింది కూడా ఆ మార్చిలోనే. పొద్దున ఎకనామిక్స్ పేపర్ రాసి వచ్చిన పిల్ల సాయంత్రం నెట్ సెంటర్‌లో స్టూల్ మీద కూర్చుని, వెనక నలుగురు వెయిట్ చేస్తుండగా, స్క్రీన్ మీద ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. సీయూఈటీ రాసేది మే నెలలో. కానీ ఏ యూనివర్సిటీలో ఏ కోర్సుకు తను అసలు పోటీలో ఉంటుందో, ఉండదో ఆ సాయంత్రమే తేలిపోతుంది. ఆ పిల్లకు మాత్రం ఈ సంగతి జులైలో తెలుస్తుంది.

సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీటు అనగానే కోచింగ్, మాక్ టెస్టులు, మోడల్ పేపర్ల గురించే మాట్లాడుకుంటాం. మన దగ్గర సీట్లు జారిపోతున్నది ఎక్కువగా అంతకు ముందు మెట్టు మీద. ఏ సబ్జెక్టు టిక్ పెట్టారు, ఏ సర్టిఫికెట్ పెట్టారు, ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారు, రిజల్ట్ వచ్చాక ఇంకో ఫారం నింపారా లేదా అన్న దగ్గర.

ఈ పరీక్ష ఎందుకొచ్చిందో కొంచెం చూడాలి. 2021 వరకు ఢిల్లీ యూనివర్సిటీలో చాలా డిగ్రీ కోర్సులకు ఎంట్రన్స్ లేదు. పన్నెండో తరగతి మార్కులతో కటాఫ్ పెట్టేవారు. ఆ ఏడాది శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌లో బీకాం ఆనర్స్‌కు, ఎకనామిక్స్ ఆనర్స్‌కు, హిందూ కాలేజీలో పొలిటికల్ సైన్స్‌కు మొదటి కటాఫ్ నూటికి నూరు శాతం. 99.5 వచ్చినా గుమ్మం బయటే. ఒక బోర్డు ధారాళంగా మార్కులు వేస్తుంది, ఇంకో బోర్డు పిసినారితనం చూపిస్తుంది, రెండింటినీ ఒకే త్రాసులో తూచడం ఏమిటన్న గొడవ ఎప్పటి నుంచో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీది వేరే దారి, దాని ఎంట్రన్స్ అదే పెట్టుకునేది. 2010 ప్రాంతంలో కొత్తగా వచ్చిన కొన్ని సెంట్రల్ యూనివర్సిటీలు కలిసి ఉమ్మడి పరీక్ష ఒకటి నడుపుకున్నాయి. 2022 మార్చిలో అప్పటి యూజీసీ చైర్మన్, నల్గొండ జిల్లాకు చెందిన మామిడాల జగదీశ్ కుమార్, సెంట్రల్ యూనివర్సిటీలన్నింటికీ డిగ్రీ స్థాయిలో ఒకే ఉమ్మడి పరీక్ష అని ప్రకటించారు. నిర్వహించే బాధ్యత ఎన్టీఏది, అంటే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీది. మొదటి ఏడాదే దాదాపు 15 లక్షల మంది నమోదు చేసుకున్నారు. సర్వర్లు మొరాయించి ఆగస్టులో కొన్ని సెంటర్లలో పరీక్షలు రద్దయ్యాయి కూడా.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పరీక్షకు దక్కాల్సినంత పట్టింపు దక్కలేదు. కారణం తెలిసిందే. ఎంపీసీ అంటే జేఈఈ, ఈఏపీసెట్. బైపీసీ అంటే నీట్. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హోర్డింగుల మీద ర్యాంకులన్నీ వాటివే. సీయూఈటీ వల్ల నిజంగా బాగుపడాల్సింది సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ పిల్లలు. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు ఎక్కువగా ఉండేది ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో. అక్కడ నోటీసు బోర్డు మీద సీయూఈటీ కాగితం కనబడితే అదృష్టమే. ఎవరో సీనియర్ చెబితేనో, యూట్యూబ్‌లో తగిలితేనో తెలుస్తుంది. అలా తెలిసింది కూడా సగమే అయి ఉంటుంది.

దరఖాస్తు ఒకటి కాదు, రెండు

అన్నిటికన్నా పెద్ద అపోహ ఇది. సీయూఈటీకి అప్లై చేస్తే యూనివర్సిటీకి అప్లై చేసినట్టే అనుకుంటారు. కాదు. ఎన్టీఏ పరీక్ష పెట్టి స్కోరు చేతిలో పెడుతుంది, దాని పని అక్కడితో సరి. సీట్లు ఇచ్చేది యూనివర్సిటీలు, ఎవరి పోర్టల్ వారిది, ఎవరి గడువు వారిది, ఎవరి ఫీజు వారిది. ఢిల్లీ యూనివర్సిటీకి సీఎస్‌ఏఎస్ అనే సొంత పోర్టల్ ఉంది. హెచ్‌సీయూ విడిగా దరఖాస్తులు పిలుస్తుంది. బనారస్, అనంతపురంలోని సెంట్రల్ యూనివర్సిటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇలా ఎవరి వెబ్‌సైట్ వారు తెరుస్తారు.

ఈఏపీసెట్ రాసినవాళ్లకు పోలిక చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌కు రిజిస్టర్ చేసుకుని వెబ్ ఆప్షన్లు పెట్టకపోతే సీటు రాదు కదా, ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే అక్కడ కౌన్సెలింగ్ ఒక్కటే, ఇక్కడ యూనివర్సిటీకి ఒకటి. సీయూఈటీ ఫారంలో యూనివర్సిటీల పేర్లు కనిపించడంతో చాలామంది 'పెట్టేశాం కదా' అనుకుని ఊరుకుంటారు. మంచి స్కోరు చేతిలో పట్టుకుని ఫోన్ కాల్ కోసం ఎదురుచూసే పిల్లలు ప్రతి జులైలో కనిపిస్తారు. ఆ కాల్ రాదు.

ఐదు గళ్లు

2022లో సబ్జెక్టుల జాబితా చేంతాడంత ఉండేది, 2023లో ఒక్కొక్కరు పది దాకా రాసుకోగలిగేవారు. 2024లో ఆరుకు, 2025లో ఐదుకు కుదించారు. 2025 జాబితాలో మొత్తం 37 పేపర్లు: 13 భాషలు, 23 సబ్జెక్టులు, ఒక జనరల్ టెస్ట్. ఫీజు జనరల్ కేటగిరీకి మూడు పేపర్ల దాకా 1000 రూపాయలు, ఆపైన ఒక్కోదానికి 400. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాని ఓబీసీలు), ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలు) వాళ్లకు 900, 375. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 800, 350. ఐదూ రాస్తే వరుసగా 1800, 1650, 1500 అవుతుంది. ఎనిమిది వందలో, ఏడు వందలో మిగులుతాయని మూడుతో ఆపేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పొదుపు ఎంత ఖరీదో చూద్దాం.

ఢిల్లీ యూనివర్సిటీలో చాలా ఆనర్స్ కోర్సులకు ఒక భాష, మూడు సబ్జెక్టులు కలిపి లెక్క వేస్తారు. ఒక్కోటి 250 మార్కులు, మొత్తం వెయ్యి. మూడే పేపర్లు రాసిన మనిషికి ఈ వరుసలో చోటే లేదు, రాసిన మూడింట్లో 250కి 250 వచ్చినా సరే. అంటే ఢిల్లీలో అలాంటి ఆనర్స్ కోర్సు ఆశ ఉంటే నాలుగు తప్పనిసరి. ఐదోది ఏది అన్నదే అసలు ఆలోచన.

సీఈసీ చదివే ఒక అమ్మాయిని తీసుకుందాం. ఇంటర్‌లో తన సబ్జెక్టులు కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్. సెకండ్ లాంగ్వేజ్ తెలుగు. ఎకనామిక్స్ అంటే ఇష్టం, మార్కులు కూడా అందులోనే ఎక్కువ. సహజంగా ఢిల్లీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలనుకుంటుంది. ఆ దారి మూసి ఉంది. అక్కడ ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో మ్యాథ్స్ తప్పనిసరి. ఎకనామిక్స్ పేపర్ రాయకపోయినా ఫర్వాలేదు కానీ మ్యాథ్స్ రాయాలి! వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఆ కోర్సు మొదటి సెమిస్టర్ పుస్తకం తెరిస్తే ఎందుకో అర్థమవుతుంది, నిండా లెక్కలే. పోనీ మ్యాథ్స్ కూడా టిక్ పెట్టేద్దామా? ఇంటర్‌లో చదవని సబ్జెక్టునైనా రాసుకోవచ్చని 2025 నుంచి ఎన్టీఏ ఒప్పుకుంది. ఢిల్లీ మాత్రం పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టులకే లెక్క కట్టింది. పరీక్ష పెట్టేవాళ్ల రూలు ఒకటి, సీటిచ్చేవాళ్ల రూలు ఇంకొకటి. రెండూ ఒకే పేజీలో ఎక్కడా ఉండవు.

అదే అమ్మాయికి బీకాం ఆనర్స్ సంగతి చూస్తే, భాషతో పాటు మ్యాథ్స్ లేదా అకౌంటెన్సీ, ఆపైన మరో రెండు సబ్జెక్టులు కావాలి. కాబట్టి అకౌంటెన్సీ రాస్తే, ఇంటర్‌లో చదివిన కామర్స్‌ను దానికి సమానంగా ఒప్పుకుంటే, దారి తెరుచుకుంటుంది. పొలిటికల్ సైన్స్ ఆనర్స్‌కు ఒక భాష, జాబితాలోని ఏవైనా మూడు సబ్జెక్టులు చాలు. ఇక మేనేజ్‌మెంట్ కోర్సుల్లో కొన్నింటికి మళ్లీ మ్యాథ్స్, జనరల్ టెస్ట్ అడుగుతారు. వేరే యూనివర్సిటీల్లో కొన్ని కోర్సులు సబ్జెక్టులను పక్కన పెట్టి జనరల్ టెస్టునే చూస్తాయి. ఈ లెక్కన ఆమె ఐదు గళ్లు ఇలా నిండొచ్చు: ఇంగ్లిష్, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, అకౌంటెన్సీ, ఐదోది జనరల్ టెస్ట్. ఢిల్లీ ఒక్కటే లక్ష్యమైతే జనరల్ టెస్ట్ బదులు తెలుగు పెట్టుకోవచ్చు. భాషగా తెలుగునూ ఢిల్లీ ఒప్పుకుంటుంది, ఇంగ్లిష్ ఆనర్స్ లాంటి కోర్సులకు తప్ప. ఇంగ్లిష్ పేపర్ ఆ రోజు దెబ్బకొడితే తెలుగు ఆదుకుంటుంది. ఆ ఐదో గడికి ఎస్సీ విద్యార్థి కట్టేది 350 రూపాయలు.

అందుకే సబ్జెక్టులు ఎంచుకుని ఆ తర్వాత యూనివర్సిటీలు వెతకడం తిరగేసిన పద్ధతి. ముందు నాలుగైదు కోర్సులు రాసుకోవాలి, ఒక్కోదాని కింద ఏ పేపర్లు అడిగారో ఆ యూనివర్సిటీ బులెటిన్‌లో చూసి రాసుకోవాలి, అన్నిటికీ పనికొచ్చే ఐదు ఏవో అప్పుడు తేల్చుకోవాలి. ఒక తెల్ల కాగితం, ఒక గంట చాలు. నెట్ సెంటర్ కుర్చీలో ఆ గంట దొరకదు.

మెమోలో ఒక పేరు, జాబితాలో ఇంకో పేరు

మన ఇంటర్ బోర్డుల సబ్జెక్టులకూ సీయూఈటీ జాబితాకూ పేర్లు సరిగ్గా కలవవు. ఆ జాబితా సీబీఎస్‌ఈ చదువును దృష్టిలో పెట్టుకుని తయారైంది. మన మెమోలో 'సివిక్స్' ఉంటే అక్కడ 'పొలిటికల్ సైన్స్'. ఇది తేలికే. కామర్స్ దగ్గర చిక్కు మొదలవుతుంది. మన దగ్గర కామర్స్ ఒకే పేపర్, అందులో సగం కామర్స్, సగం అకౌంటెన్సీ. సీయూఈటీలో అకౌంటెన్సీ ఒక పేపర్, బిజినెస్ స్టడీస్ ఇంకో పేపర్. మన విద్యార్థి రెండూ సగం సగం చదివాడు, పేరుకు ఒకటే చదివాడు. ఆ ఒక్క కామర్స్‌ను దేనికి సమానంగా చూస్తారో ప్రతి యూనివర్సిటీ బులెటిన్‌లోనూ వెతుక్కోవాలి. అర్థం కాకపోతే హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును దాచుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట జులైలో పనికిరాదు.

2025లో ఇంటర్ ముగించినవాళ్లకు బైపీసీలో బోటనీ, జువాలజీ విడివిడి. అక్కడ బయాలజీ ఒక్కటే పేపర్. వాళ్ల మెమోలో మ్యాథ్స్ ఏ, బీ కూడా విడివిడిగా 75 మార్కుల చొప్పున ఉండేవి. యూనివర్సిటీ పోర్టల్‌లో పన్నెండో తరగతి మార్కులు నింపేటప్పుడు మ్యాథ్స్‌కు ఒకటే గడి ఉంటుంది. అక్కడ ఏ పేపర్ మార్కులు ఒక్కటీ వేసి వందకు అని కొట్టేవాళ్లున్నారు. ఆ అంకె వెరిఫికేషన్‌లో మెమోతో కలవక ప్రశ్నలు మొదలవుతాయి.

ఇంకోటి సంస్కృతం. మార్కుల కోసం ఇంటర్‌లో తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. సీయూఈటీ భాషల జాబితాలోని 13లో సంస్కృతం లేదు. అది సబ్జెక్టుల వైపు ఉంది. అంటే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఇంటర్‌లో సంస్కృతం రాసిన అబ్బాయి భాష గడిలో తెలుగు పెట్టుకునే ముందు, ఇంటర్‌లో చదవని భాషను తను కోరుకునే యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. చివరికి చాలామందికి ఇంగ్లిషే దిక్కవుతుంది. తొంభై ఎనిమిది మార్కులు తెచ్చిపెట్టిన సంస్కృతం ఇక్కడ ఇలా ఎదురు తిరుగుతుంది.

సిలబస్ సంగతి ఒక్క మాట: సబ్జెక్టు పేపర్లు పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల నుంచి వస్తాయి. తెలుగు అకాడమీ పుస్తకం మీదే ఆధారపడితే సివిక్స్‌లో, హిస్టరీలో కొన్ని అధ్యాయాలు అసలు కనబడవు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది?

చిన్న ఊళ్లలో ఫారం నింపేది విద్యార్థి కాదు, నెట్ సెంటర్ అన్న. ఆయనకు రోజుకు ముప్పై ఫారాలు. పాసుపోర్టు నుంచి పింఛను దాకా అన్నీ ఆయనే. పిల్లకు మెయిల్ ఐడీ లేకపోతే అప్పటికప్పుడు ఒకటి చేసేస్తాడు, పాస్‌వర్డ్ తన నోట్‌బుక్కులో రాసుకుంటాడు, ఒక్కోసారి పని తొందరగా అవుతుందని తన నంబరే కొట్టేస్తాడు. ఆయన తప్పు పెద్దగా లేదు, ఆ పూటకు ఫారం వెళ్లడమే ఆయన పని. కానీ తర్వాత హాల్ టికెట్, తప్పులు దిద్దుకునే అవకాశం, రిజల్ట్, మళ్లీ యూనివర్సిటీ పోర్టల్ లాగిన్, అన్నీ ఆ నంబరుకూ ఆ మెయిల్‌కే వెళతాయి. జులైలో ఢిల్లీ సీటు వచ్చిందన్న మెసేజ్ నెట్ సెంటర్ ఫోన్లో, వంద ఓటీపీల మధ్య పడి ఉంటుంది.

ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది నాన్నతో పాటు పొలానికో ఆటోకో వెళ్లిపోయే ఇళ్లలో ఇది ఇంకా చిక్కు. కనీసం మెయిల్ పాస్‌వర్డ్, అప్లికేషన్ నంబరు పిల్ల చేతిరాతతో పిల్ల నోట్‌బుక్‌లో ఉండాలి. కట్టిన ఫీజు రసీదు, నింపిన ఫారం కాపీ ప్రింట్ తీసి పెట్టుకోవాలి. పేజీకి ఐదో పదో రూపాయలు.

పేరు దగ్గర తెలుగువాళ్లది ప్రత్యేక సమస్య. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయి ఉంటుంది, లేదా వెనక్కి వెళ్లి ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో మూడో రకం. ఫారంలో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే మార్పించుకోవడం మంచిది. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు కాబట్టి డిసెంబరులోనే మొదలుపెట్టాలి. తప్పులు దిద్దుకోవడానికి ఎన్టీఏ రెండు మూడు రోజులు విండో తెరుస్తుంది. అందులో అన్ని వివరాలూ మార్చనివ్వదు, ఆ రోజులు దాటితే ఏదీ మార్చనివ్వదు.

బీసీ సర్టిఫికెట్ ఉంటే సరిపోదు

ఇక్కడ పోయే సీట్లు చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇది తెలివితేటలకు సంబంధించిన విషయమే కాదు. మన పిల్లల దగ్గర ఉండేది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ లాంటి కుల సర్టిఫికెట్. ఈఏపీసెట్‌కు అది నడుస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఏ, బీ, డీలు లేవు. ఓబీసీ అంతా ఒకే 27 శాతం. దానికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసిన సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఉందో లేదో ముందే చూసుకోకుండా ఓబీసీ అని టిక్ పెడితే అడ్మిషన్ రోజున ఆ సీటు నిలవదు.

తేదీ కూడా ముఖ్యమే. అడ్మిషన్ జరిగే ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌ను యూనివర్సిటీలు అడుగుతాయి. దరఖాస్తు మార్చిలో నింపితే అప్పటికి చేతిలో ఉండేది పాతదే. కాబట్టి ఏప్రిల్‌లో తెలంగాణలో మీసేవకో, ఆంధ్రలో సచివాలయానికో మళ్లీ వెళ్లాలి. తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదలడానికి పట్టే రోజులు వేసుకుంటే, జులై దాకా ఆగడం ప్రమాదమే.

ఆదాయం లెక్క దగ్గర ఓబీసీకీ ఈడబ్ల్యూఎస్‌కూ ఎనిమిది లక్షల అంకె ఒకటే కనిపిస్తుంది, లోపల రెండూ వేరు. ఓబీసీ క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, ఉద్యోగి హోదాను విడిగా చూస్తారు. కాబట్టి చిన్న ప్రభుత్వోద్యోగి జీతం ఎనిమిది లక్షలు దాటినంత మాత్రాన పిల్లలు క్రీమీలేయర్ అయిపోరు. ఇది తెలియక అర్హత ఉండి కూడా జనరల్‌లో అప్లై చేసేవాళ్లున్నారు. ఈడబ్ల్యూఎస్‌లో అన్ని ఆదాయాలూ కలుపుతారు, ఆపైన ఐదెకరాల సాగుభూమి పరిమితి కూడా ఉంది. మెట్టభూమి ఆరెకరాలున్న రైతు కుటుంబానికి ఏడాదికి లక్ష కూడా మిగలకపోవచ్చు, అయినా ఆ సర్టిఫికెట్ రాదు.

గంట పరీక్ష, ఏడు దశాంశాల స్కోరు

పరీక్ష గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. 2025 నుంచి ప్రతి పేపర్‌కూ 60 నిమిషాలు, 50 ప్రశ్నలు, అన్నీ రాయాలి. అంతకు ముందులా కొన్ని వదిలేసే వెసులుబాటు లేదు. సరైన జవాబుకు 5, తప్పుకు 1 తీసేస్తారు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినా సగటున ప్రశ్నకు అర మార్కు లాభమే వస్తుంది. ఒక ఆప్షన్ తప్పని తెలిస్తే సగటు ఒక మార్కు, రెండు తీసేయగలిగితే రెండు మార్కులు. జేఈఈ కోచింగ్‌లో నూరిపోసే 'డౌటుంటే వదిలేయ్' అన్న సూత్రం ఇక్కడ నష్టం చేస్తుంది.

స్కోరు మీదే ఎక్కువ గందరగోళం. ఒకే సబ్జెక్టును చాలా రోజులు, చాలా షిఫ్టుల్లో పెడతారు, పేపర్లు వేరు వేరు. ఒక షిఫ్టులో కష్టంగా, ఇంకో షిఫ్టులో తేలిగ్గా రావొచ్చు. అందుకని ముందు ప్రతి షిఫ్టులోనూ ఎవరెక్కడున్నారో పర్సంటైల్ కడతారు. కష్టమైన షిఫ్టులో 180 తెచ్చుకున్నవారు, తేలిక షిఫ్టులో 205 తెచ్చుకున్నవారు ఇద్దరూ తమ తమ షిఫ్టుల్లో 95 పర్సంటైల్ దగ్గరే ఉన్నారనుకుందాం. అలాంటప్పుడు ఆ పర్సంటైల్‌కు అన్ని షిఫ్టుల్లోనూ ఏ మార్కు పలుకుతుందో చూసి సగటు తీస్తారు, ఇద్దరికీ అదే నార్మలైజ్డ్ స్కోరు. దశాంశాల తోక అందుకే అంత పొడుగు. తేలిక పేపర్ వచ్చిందని సంబరపడ్డ పిల్లాడికి కీ చూసి లెక్కేసుకున్న మార్కుల కంటే తక్కువ రావడం, కష్టమైనదని ఏడ్చిన పిల్లకు ఎక్కువ రావడం ఇందువల్లే.

పర్సంటైల్ శాతం కాదన్న విషయం ఇంట్లో వాళ్లకు కూడా చెప్పాలి. 98 పర్సంటైల్ అంటే ఆ షిఫ్టులో నూటికి 98 మంది కంటే వెనక లేరని అర్థం. 2025లో 13 లక్షలకు పైగా నమోదు చేసుకున్న పరీక్షలో, ఎక్కువమంది రాసే ఇంగ్లిష్ లాంటి పేపర్లలో, మిగతా రెండు శాతమే వేలల్లో ఉంటారు.

ఇద్దరికి ఒకే స్కోరు వస్తే ఢిల్లీ మొదట పన్నెండో తరగతిలో ఎక్కువ మార్కులొచ్చిన మూడు సబ్జెక్టుల శాతం చూస్తుంది, తర్వాత నాలుగు, ఐదు. అదీ సమానమైతే వయసు. ఇంటర్ మార్కులకు ఇక విలువే లేదనేది పూర్తిగా నిజం కాదన్నమాట.

వెబ్ ఆప్షన్లలాంటిదే, కానీ

ఢిల్లీలో కోర్సు, కాలేజీ జంటలను వరసగా పెట్టాలి. 2025లో ఆ పోర్టల్ ఫీజు 250, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 100. ఎన్ని జంటలైనా పెట్టొచ్చు. ఇక్కడా మన వెబ్ ఆప్షన్ల కాలపు భయమే కనిపిస్తుంది: 'పెద్ద కాలేజీ ముందు పెడితే చిన్నది కూడా పోతుందేమో.' పోదు. స్కోరుకు అందే వాటిలో జాబితాలో అన్నిటికన్నా పైనున్నది ఇస్తారు, అందనివి దాటుకుంటూ వస్తారు. కాబట్టి నిజంగా కావాల్సిన వరసే పెట్టాలి. పదిహేను జంటలు పెట్టి ఆపేయడమే అసలు ప్రమాదం. వచ్చిన సీటును ఒప్పుకుని 'అప్‌గ్రేడ్' పెడితే తర్వాత రౌండ్లో పైవాటికే వెళ్తారు, 'ఫ్రీజ్' పెడితే అక్కడితో ఆగుతారు. ఒప్పుకోవడానికి రెండు మూడు రోజులే టైమ్. ఆ రోజుల్లో ఏమీ నొక్కకపోతే వద్దన్నట్టే లెక్క.

కాలేజీల పేర్లు తెలియకపోవడం ఇంకో సమస్య. మన పిల్లలకు తెలిసేవి నాలుగైదే. ధౌలా కువాలోని శ్రీ వెంకటేశ్వర కాలేజీ తిరుమల తిరుపతి దేవస్థానాల వాళ్లు 1961లో పెట్టిందని, ఢిల్లీ యూనివర్సిటీలోనిదేనని చాలా తెలుగు ఇళ్లలో తెలియదు. హాస్టల్ దొరుకుతుందనే నమ్మకంతో మాత్రం లెక్కలు వేసుకోకూడదు. చాలా కాలేజీల్లో హాస్టల్ సీట్లు కొన్నే, దానికి దరఖాస్తు వేరే. పీజీ (పేయింగ్ గెస్ట్) గది అద్దె, భోజనం కలిపితే కాలేజీ ఫీజు దాని ముందు చిన్నదైపోతుంది.

అంత దూరం వద్దనుకునేవాళ్లకు గచ్చిబౌలిలోని హెచ్‌సీయూ ఉంది. 1974లో మొదలైన ఆ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి: ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఫిజిక్స్, తెలుగు కూడా. అనంతపురంలో, విజయనగరంలో, 2023 డిసెంబరులో చట్టమైన ములుగు సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీలో సీట్లున్నాయి. పేరు కోసం ఢిల్లీ ఒక్కదానికే పెట్టి, బస్సు దూరంలో ఉన్నవాటిని వదిలేయడం కూడా మన దగ్గర కనిపించే తప్పే.

జులై నెల

2025లో సీయూఈటీ ఫలితాలు జులై 4న వచ్చాయి. అంతకు ముందు ఏడాది జులై 28 దాకా రాలేదు. తెలంగాణలో దోస్త్ ద్వారా డిగ్రీ సీట్ల కేటాయింపు మే, జూన్ నెలల్లోనే జరిగిపోతుంది. సీయూఈటీని నమ్ముకుని దోస్త్ వదిలేయమని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు. కాబట్టి మన సీఈసీ అమ్మాయి జిల్లా కేంద్రంలో ఏదో డిగ్రీ కాలేజీలో బీఏలో చేరి, ఫీజు కట్టి, టీసీ, మెమోలు ఇచ్చేసి ఉంటుంది. ఢిల్లీలో సీటొచ్చాక ఆ ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవాలి. ప్రిన్సిపాల్ గారు ఊళ్లో లేరనో, మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమనో అంటారు.

ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చాలాసార్లు చెప్పింది. 2024-25కు ఇచ్చిన ఫీజు వాపసు విధానంలో, సెప్టెంబరు 30 లోపు సీటు వదిలేస్తే కట్టిన ఫీజంతా తిరిగివ్వాలని, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదని స్పష్టంగా రాసింది. ఏటా అలాంటి సర్క్యులర్ వస్తుంది. ఆ ఏడాదిది ప్రింట్ తీసి తీసుకెళితే మాట తీరు మారే అవకాశం ఉంది. అన్నిటికన్నా తేలికైన పని ఇంకోటుంది: కాలేజీలో ఇచ్చే ముందే ప్రతి సర్టిఫికెట్‌నూ రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోవడం, డిజీలాకర్‌లో మెమో వస్తోందో లేదో చూసుకోవడం. ఢిల్లీ పోర్టల్‌లో మొదటి వెరిఫికేషన్ ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ఒరిజినల్స్ కోసం పోట్లాడుతూనే, ఇటు రెండు రోజుల గడువులో సీటు ఒప్పుకుని ఫీజు కట్టేయొచ్చు. ఆ వేసవిలో ఢిల్లీలో తరగతులు ఆగస్టు 1న మొదలయ్యాయి.